ఎర్ర బిళ్ళ టైమర్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ఈ రివ్యూ టైమర్ ఇంటికొచ్చిన వారానికే రాసుంటే ఐదు నక్షత్రాలూ ఇచ్చేసి, మీ ఇంట్లో తలా ఒకటి కొనండి అని కూడా చెప్పేదాన్ని. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసనీ కాలాన్నీ అదుపులో పెట్టుకోవడం కష్టమయ్యే మెదడు తీరు, ఉన్న నా లాంటి వాళ్ళు కొత్త వస్తువు గురించి మొదటి వారంలో చెప్పే మాటలు అస్సలు నమ్మకూడదు. మాకు కొత్తది ఏదైనా పది రోజులు దేవుడు, పదకొండో రోజు నుంచి అటక మీద సామాను. మా అటక మీద ఒక యోగా మ్యాట్, క్రోషా దారం ఉండలు, పన్నెండు రంగుల పెన్నుల సెట్టు, 1400 పెట్టి కొన్న ప్లానర్ ఉన్నాయి, ఆ ప్లానర్‌లో జనవరి 11 దాకా ముత్యాల్లాంటి రాత, ఆ తర్వాత అంతా తెల్ల కాగితాలే. అందుకే ఎనిమిది నెలలు ఆగి రాస్తున్నాను. ఆగాను అంటే మరీ గొప్పగా ఉంటుంది లెండి, మూడో నెలలో రాద్దామనుకున్నాను, ఇప్పటికి కుదిరింది.

వస్తువు ఏమిటంటే, గంట దాకా పెట్టుకునే టైమర్. అరచేతి కంటే కాస్త పెద్ద చదరపు ప్లాస్టిక్ డబ్బా, తెల్లటి ముఖం, మధ్యలో తిప్పే బొడిపె. బొడిపెని ఎడమ వైపుకి తిప్పితే లోపల్నుంచి ఎర్ర బిళ్ళ ఒకటి విసనకర్రలా విచ్చుకుంటుంది. 40 దగ్గర ఆపితే ముఖంలో మూడింట రెండు వంతులు ఎరుపే. అక్కణ్ణుంచి నిమిషం నిమిషానికీ ఆ ఎరుపు తరుగుతూ వచ్చి, పూర్తిగా మాయమవగానే బీప్ కొడుతుంది. అంతే. యాప్ లేదు, వైఫై లేదు, ఛార్జింగ్ లేదు, వెనక ఒక పెన్సిల్ సెల్లు. అంకెలు మామూలు గడియారానికి తిరగేసి ఉంటాయి, మొదటి రెండు రోజులు బుర్ర తిరుగుతుంది, తర్వాత అంకెల వైపు చూడటమే మానేస్తాం, ఎరుపు ఎంతుందో చూస్తాం. ఆన్‌లైన్‌లో 849 రూపాయలకి వచ్చింది. డబ్బా మీద బ్రాండు పేరు ఉంది గానీ దాన్ని ఎలా పలకాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ రకం వాటికి మూలం టైమ్ టైమర్ అనే అమెరికా సరుకు. జాన్ రోజర్స్ అనే ఆవిడ, చిన్న కూతురు "ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు" అని ప్రాణం తీస్తుంటే దాని కోసం చేసింది. అసలు సరుకు నా బడ్జెట్‌లో లేదు, కాబట్టి ఇక్కడ రాసేదంతా నకలు గురించే.

నా గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ రివ్యూ మీకు పనికిరాదు. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ పని చూస్తాను. నవ్వకండి. 7న టీడీఎస్ (ముందే కోసుకున్న పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను, 20న 3బి అనే పన్ను కట్టే రిటర్ను, ఇలా తేదీల మీద బతికే ఉద్యోగం చేస్తున్నది తేదీ అంటే లెక్కలేని బుర్ర. మా అబ్బాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ టీచర్ చెప్తే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు వాడి గురించి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే మా ఆయన వాణ్ణి చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టారు. వస్తువులు పారేసుకుంటాడా? మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా? ఎదురుగా నిలబడి చెప్తున్నా విననట్టు ఉంటాడా? నాలుగో ప్రశ్నకి నేనే తల దించుకున్నాను. ఇది వంశంలో గట్టిగా నడిచే సంగతి అని డాక్టరు గారే చెప్పి, నన్ను కూడా విడిగా రమ్మన్నారు. పెద్దవాళ్ళకి ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే 12 ఏళ్ళలోపే ఆ లక్షణాలు ఉన్నట్టు తెలియాలి, అందుకని నా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఉంటే తెమ్మన్నారు. మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చింది. మూడో తరగతి నుంచి ఆరు దాకా, టీచర్లు మారారు, చేతిరాత మారింది, వాక్యం మాత్రం మారలేదు: తెలివైన పిల్ల, ధ్యాస లేదు.

అప్పటికి నాకు 35. అంతవరకు ఇంట్లో దీని పేర్లు పరధ్యానం, బద్ధకం, పొగరు. మూడోది మా మేనత్త పెట్టింది, పిలిస్తే పలకనని.

ఇక టైమర్ సంగతి. నాకు బియ్యం ఎన్ని పొయ్యాలో చేతికి తెలుసు, ఉప్పు ఎంత వెయ్యాలో వేళ్ళకి తెలుసు, అరగంట అంటే ఎంతో మాత్రం ఒంట్లో ఏ భాగానికీ తెలియదు. "బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది" అంటే నాకు అది ఓ ముక్క సమాచారం, అంతే, దాంతో పాటు రావలసిన కంగారు రాదు. వచ్చేటప్పటికి బస్సు వెళ్ళిపోయుంటుంది, అప్పుడు మాత్రం రెండు బస్సులకి సరిపడా వస్తుంది. రస్సెల్ బార్క్‌లీ అనే అమెరికా సైకాలజిస్టు ఏళ్ళ తరబడి చెప్తున్నదీ ఇదే, ఏడీహెచ్‌డీ ధ్యాస ఒక్కదానితో పోయేది కాదు, కాలంతో వచ్చే ఇబ్బంది కూడా, తలలో నిలవనిదాన్ని తల బయట, పని జరిగే చోటే కనిపించేలా పెట్టుకోవాలి అని. మామూలు గడియారం కూడా బయటే ఉంది కదా అంటారు మా ఆయన. ఉంది, కానీ అది ఇప్పుడు ఎంతయిందో చెప్తుంది. 7:43 అయింది, బస్సు 8:05కి, తీసివేత చెయ్యి, వచ్చినదాన్ని జడ వెయ్యడానికీ డబ్బా కట్టడానికీ పంచు, ఇదంతా పొద్దున్నే చెయ్యగలిగితే నాకీ టైమర్ ఎందుకు? ఎర్ర బిళ్ళ లెక్క అడగదు. ఇంత ఉంది, చూడు, అంటుంది.

మొదట్లో ఇదేదో అమెరికా వాళ్ళ తెలివి అనుకున్నాను. మా నాన్నగారు చూసి "ఇది మన ఘడియ గిన్నెరా" అన్నారు. అడుగున సన్నటి బెజ్జం ఉన్న గిన్నెని నీళ్ళలో వదిలితే మెల్లగా నీళ్ళెక్కి మునుగుతుంది, మునిగిందంటే ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. ముహూర్తాలకి దాన్ని చూసుకునేవాళ్ళు, గడియారం అనే మాట కూడా ఆ ఘడియ నుంచి వచ్చిందే. కాలం తరిగిపోవడం కంటికి కనబడటం అన్నమాట. తమాషా ఏంటంటే, ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదివి, పొమొడోరో అని పేరు పెట్టి ప్రపంచం మీదికి వదిలిన పద్ధతి 25 నిమిషాలు. మన ఘడియకి ఒక్క నిమిషం ఎక్కువ. నాకైతే ఆ 25 పనికిరాలేదు. మొదలుపెట్టడానికి చాలా ఎక్కువ, మొదలుపెట్టాక చాలా తక్కువ. మొదటి విడత 10, ఆ తర్వాత 45 పెడతాను.

ఫోన్‌లో టైమర్ ఉంది కదా, 849 దండగ కదా అని మా చెల్లి అంది. ఫోన్‌లో టైమర్ పెట్టడానికి ఫోన్ చేతిలోకి తీసుకోవాలి. అక్కడే అయిపోయింది. టైమర్ కోసం తీస్తే పైన స్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్, దాన్ని చూస్తే దాని కింద ఎవరిదో పుట్టినరోజు, వాళ్ళ ఫోటో చూస్తే ఆ చీర ఎక్కడ కొన్నారో అని ఇంకో చోటికి, నలభై నిమిషాల తర్వాత ఫోన్ పక్కన పెట్టి చూస్తే టైమర్ పెట్టనే లేదు. పోనీ పెట్టినా, అది మోగేటప్పటికి నా బొటనవేలు నన్నడక్కుండానే దాన్ని ఆపేస్తుంది, ఆపినట్టు కూడా నాకు తెలియదు.

పొద్దున పూట దీని పనితనం చెప్తాను, డబ్బులు అక్కడే వసూలయ్యాయి. ఏడున్నరకి డైనింగ్ టేబుల్ మీద 30 పెట్టి తిప్పుతాను. అది టేబుల్ మీద, నేను వంటింట్లో, మా వాడు సగం కట్టిన షూ లేసుతో సోఫాలో. ఇదివరకు నేను లోపల్నుంచి "ఇంకా పది నిమిషాలే రా", "ఐదు నిమిషాలే", "బస్సొచ్చేస్తోంది" అని అరిచేదాన్ని, నాకు తెలియని ఐదు నిమిషాల గురించి వాడికి తెలియని ఐదు నిమిషాల భాషలో, ఇద్దరం కలిసి ఏడుపుతో గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు వాడే అంటాడు: "అమ్మా, ఎరుపు దోసె ముక్కంత అయిపోయింది." దోసె ముక్కంత అంటే ఏడెనిమిది నిమిషాలు అని మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. పుచ్చకాయ ముక్కంత అంటే పావుగంట. మొన్నొకసారి మా అత్తయ్య గారు గుడికి వెళ్ళే తొందరలో నన్ను "అమ్మాయ్, ఎంతసేపు?" అని అడిగితే నా నోటి నుంచి కూడా "పుచ్చకాయ ముక్కంత" అనే వచ్చింది.

ఎనిమిది నెలల్లో బస్సు నాలుగు సార్లు తప్పింది. అంతకు ముందు నెలకి నాలుగు సార్లు తప్పేది. ఈ ఎనిమిది నెలల నాలుగులో రెండు నా తప్పు కూడా కాదు.

వంటింట్లో సగం మార్కులే. మన ఇళ్ళల్లో మా లాంటి వాళ్ళకి పుట్టిన మొదటి పరికరం కుక్కరు అని నా నమ్మకం, మూడు విజిళ్ళకి ఆపెయ్ అని అరిచి చెప్తుంది, ఇంకేం కావాలి. కానీ విజిళ్ళు లెక్కపెట్టడం కూడా ఒక పనే. వచ్చింది రెండోదా మూడోదా అని ఆలోచిస్తూనే ఇంకోటి వస్తుంది, కందిపప్పు కాస్తా పేస్టు. టైమర్‌తో ఆ లెక్క పోయింది, 15 పెడితే మా కుక్కర్‌లో పప్పు సరిగ్గా ఉడుకుతుంది. పాలకి మాత్రం ఇది పనికిరాదు. పాలు పొంగడం నిమిషాల లెక్క కాదు, నేను పక్కకి తిరిగానా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. దానికి విజిల్ వేసే పాల కుక్కరే మందు. దాంతో పాటు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను, పైసా ఖర్చు లేదు: పొయ్యి మీద ఏదైనా ఉంటే గరిటె నా చేతిలోనే ఉండాలి. వేరే గదిలోకి వెళ్ళినా సరే గరిటెతోనే వెళ్ళాలి. చేతిలో గరిటె ఎందుకుందా అని చూసుకున్నప్పుడు పొయ్యి గుర్తొస్తుంది. కొరియర్ అబ్బాయి దగ్గర గరిటెతో సంతకం పెట్టబోయిన రోజు కూడా ఉంది, అయినా ఈ ఏడాది ఒక్క గిన్నె కూడా మాడలేదు.

ఆఫీసుకి రెండోది కొన్నాను, అక్కడ కథ వేరు. అందరూ అనుకునేది మాకు ధ్యాస నిలవదని. నిలవకపోవడం సగం, నిలిస్తే వదలకపోవడం ఇంకో సగం. జీఎస్టీ పోర్టల్ చూపించే 2బి పట్టీలో ఉన్న ఇన్‌పుట్ పన్నుకీ ఒక క్లయింటు కొనుగోళ్ళ రిజిస్టర్‌కీ 1 రూపాయి 18 పైసలు తేడా వచ్చింది ఒకసారి. ఆ 1.18 కోసం మధ్యాహ్నం రెండింటికి కూర్చుని లేచేసరికి ఐదున్నర, దొరికింది కూడా, అంత ఆనందం నాకు పెళ్ళి రోజున కూడా కలగలేదు. కానీ ఆ రోజు ఫైల్ చెయ్యాల్సిన మూడు రిటర్నులు అలాగే ఉన్నాయి. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అనే సామెత నా లాంటిదాన్ని చూసే పుట్టుంటుంది. ఇప్పుడు ఇలాంటి వేటకి కూర్చునే ముందు 45 పెడతాను. మొదటి నెల బీప్ కొట్టగానే చెయ్యి చాపి మళ్ళీ 45 తిప్పేసేదాన్ని, తల కూడా ఎత్తకుండా. దాంతో టైమర్‌ని నా టేబుల్ మీద నుంచి తీసి ఆరడుగుల దూరంలో ఫైళ్ళ బీరువా మీద పెట్టాను. ఆపాలంటే లేవాలి. లేచానంటే తేడా వేటలోంచి బయటపడ్డట్టే, కళ్ళు మెటికలు విరుచుకున్నట్టు ఉంటుంది. కొనేవాళ్ళకి నేను చెప్పే ఒకే ఒక్క కిటుకు ఇది: చూపు అందాలి, చెయ్యి అందకూడదు.

ఇక తిట్టాల్సినవి. బీప్‌కి రెండు స్థాయిలున్నాయి, రెండూ తప్పే. చిన్నది పెడితే ఫ్యాను సౌండులో కలిసిపోతుంది, పెద్దది పెడితే పక్క గదిలో మా సార్ క్లయింటుతో మాట్లాడుతూ ఉలిక్కిపడతారు. రెండు సార్లు అయ్యాక "అమ్మా, ఆ బాంబుని కొంచెం..." అన్నారు, పాపం మంచాయన. ఐదు నిమిషాల లోపు సరిగ్గా పెట్టలేం, 3 అనుకుని తిప్పితే రెండుకో నాలుగుకో మోగుతుంది, కాబట్టి గుడ్డు ఉడకబెట్టడానికి దీన్ని నమ్ముకోకండి. చీకట్లో కనబడదు. మా వాడు బొడిపెని ఉల్టా తిప్పి తిప్పి ఇంట్లో ఉన్నదాన్ని కొంచెం వదులు చేశాడు, అది ఇప్పుడు గంటకి రెండు నిమిషాలు ముందే అయిపోతోంది, దాన్ని బాగు చేయించే ఉద్దేశం నాకు లేదు, ముందే అయిపోతే నాకే మంచిది.

అన్నిటికంటే పెద్ద లోపం దానిది కాదు, ప్రకటనది. "పని మొదలుపెట్టడానికి సాయపడుతుంది" అని రాశారు. నాకు సాయపడలేదు. టైమర్ నన్ను ఆపగలదు, లేపగలదు, తొందరపెట్టగలదు, కుర్చీలో కూర్చోబెట్టి ఫైల్ తెరిపించలేదు. చెయ్యాలని ఉంటుంది, ఎలా చెయ్యాలో తెలుసు, చెయ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు, అయినా చెయ్యి కదలదు. ఎదురుగా ఎర్ర బిళ్ళ నిండుగా 60 దగ్గర నుంచి సున్నాకి వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

దానికి నాకు దొరికిన మందు మనిషి. ఇంగ్లీషులో బాడీ డబ్లింగ్ అంటారట, ఆ మాట నాకు తర్వాత తెలిసింది. ఒక ఆదివారం ఇంటి దగ్గర ఒక రిటర్ను పూర్తి చెయ్యాల్సి వచ్చి ల్యాప్‌టాప్ ముందు గంట కూర్చున్నా ఒక్క అంకె వెయ్యలేదు. మా అత్తయ్య గారు గోంగూర కట్టలు రెండు తెచ్చుకుని నా ఎదురుగా కింద కూర్చుని ఆకు ఒలవడం మొదలుపెట్టారు. ఆవిడ నన్ను చూడటం లేదు, మాట్లాడటం లేదు, ఆకులు పళ్ళెంలో, కాడలు పేపర్ మీద, ఆ చిటుక్ చిటుక్ శబ్దం తప్ప ఏమీ లేదు. రెండో కట్ట సగంలో ఉండగా నేను చలానా దాకా వచ్చేశాను. "అత్తయ్యా, రేపు కూడా ఇక్కడే కూర్చుని ఏమైనా ఒలవండి" అంటే ఆవిడ "నేనేం చేశానే, ఊరికే కూర్చున్నా, రేపు చిక్కుళ్ళున్నాయిలే" అన్నారు. ఇప్పుడు అది మా ఇంటి పద్ధతి. ఆవిడ ఊరెళ్తే మా చెల్లికి వీడియో కాల్ చేసి ఇద్దరం మ్యూట్‌లో పెట్టుకుని ఎవరి పని వాళ్ళం చేసుకుంటాం. నిజానికి ఈ రివ్యూలో ఐదు నక్షత్రాలు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఆ గోంగూర పళ్ళేనికిస్తాను.

దీంతో పాటు కొన్నవాటి గురించి గబగబా చెప్పేస్తాను. తెల్ల బోర్డు, 600: మూడు వారాలు బాగా పనిచేసింది, నాలుగో వారానికి అది గోడలో కలిసిపోయింది, కళ్ళ ముందున్నా కనిపించదు. వారానికోసారి దాన్ని వేరే గోడకి మారిస్తే మళ్ళీ కనిపిస్తుంది, కానీ మార్చాలని ఎవరికి గుర్తుంటుంది? తాళం చెవికి తగిలించే బ్లూటూత్ బిళ్ళ: పనిచేస్తుంది, ఫోన్ నొక్కితే అది కూస్తుంది, కాకపోతే నేను పోగొట్టుకునేది ఎక్కువగా ఫోనే. దానికంటే తలుపు పక్కన కొట్టిన ఒక మేకు నయం, లోపలికి రాగానే చెప్పులు విప్పే ముందే తాళాలు దానికి తగలాలి, అంతే, వేరే చోట క్షణం కూడా పెట్టకూడదు. "ఒక్క క్షణం ఇక్కడ పెడతా" అన్నదే నా తాళాలకి శ్మశానం.

మందుల డబ్బా మాత్రం తప్పనిసరిగా కొనండి, వారానికి ఏడు అరలు, 120 రూపాయలు. నేను మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు వాడతాను. పొద్దున వేసుకున్నానా లేదా అనేది గుర్తుండాలంటే మందు వేసుకుని ఉండాలి, వేసుకుందామంటే అప్పటికే వేసుకున్నానో లేదో గుర్తుండదు. ఈ రోజు అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. ఈ మందు మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ అనే కట్టుదిట్టమైన మందుల జాబితా కింద ఉంది, చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒక కాపీ షాపువాళ్ళు ఉంచుకుంటారు, ప్రతి మందుల షాపులోనూ దొరకదు. అంటే చీటీలు పారేసుకునే, తేదీలు మర్చిపోయే జబ్బుకి మందు కావాలంటే చీటీ భద్రంగా దాచి, అయిపోవడానికి వారం ముందే గుర్తుపెట్టుకుని, ఊరంతా వెతుక్కోవాలి. నియమం ఎందుకు పెట్టారో తెలుసు, దుర్వినియోగం ఆపడానికి, కాదనను. అయినా ప్రతి నెలా నవ్వొస్తుంది. నేను చేసేదేమిటంటే డబ్బా నింపేది ఆదివారం, ఆ రోజు స్ట్రిప్పులో ఎనిమిది కంటే తక్కువ ఉంటే అప్పుడే డాక్టరు గారికి ఫోన్. నా మందు మీకు సరిపోతుందని కాదు సుమా, మందు అసలు కావాలా వద్దా అన్నది కూడా డాక్టరు చెప్పాల్సిన మాటే. నేరుగా వెళ్ళడానికి మొహమాటం అయితే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అని ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

బ్లూటూత్ బిళ్ళ పక్కన పెడితే ఈ వస్తువులన్నీ కలిపి రెండున్నర వేలు దాటలేదు. ఇవేమీ లేని రోజుల్లో ఎంత పోయిందో ఒక్కటి చెప్తాను. రెండేళ్ళ కిందట ఒక చిన్న క్లయింటుది 3బి అంతా రెడీ చేసి, ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది కాబట్టి ఆయనకి ఫోన్ చేద్దామని లేచాను. మధ్యలో ఎవరో టీ అన్నారు. తొమ్మిది రోజుల తర్వాత గుర్తొచ్చింది. రోజుకి 50 చొప్పున 450 లేట్ ఫీజు, పైన ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ, అంతా నా జేబులోంచే కట్టాను, ఆయనకి చెప్పి. డబ్బు చిన్నదే, ఆయన "పర్లేదమ్మా" అన్నప్పటి మొహం ఇంకా గుర్తుంది, ఇలాంటివి మాత్రం మర్చిపోను. అదీ కరెంటు బిల్లు మీద సర్‌ఛార్జీ, ఫ్రిజ్‌లో కుళ్ళిన కొత్తిమీర, ఇంట్లో ఉందని మర్చిపోయి మళ్ళీ కొన్న మూడో కత్తెర, అన్నీ కలిపితే ఈ బుర్రకి నేను నెల నెలా కట్టే అద్దె.

మొత్తం మీద టైమర్‌కి నాలుగు. పొద్దున హడావుడి ఉన్న ఇంటికి, ముఖ్యంగా పిల్లలున్న ఇంటికి, కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఏడీహెచ్‌డీ లేని వాళ్ళకి కూడా పనికొస్తుంది, మా ఆయన పేపర్ చదవడానికి 20 పెట్టుకుంటున్నారు. అందరూ గంట కంటే ఎక్కువ ఉన్నది వెతుకుతారు, వద్దు, రెండు గంటల బిళ్ళ మీద పది నిమిషాలు సన్నటి గీతలా ఉంటుంది, అది చూసి ఎవరూ కదలరు.

కొనేటప్పుడు వెనక సెల్లు మూత చూసుకోండి. నా రెండిట్లో ఒకదానికి మూత చేత్తో వస్తుంది, ఇంకోదానికి స్క్రూ. ఐదో నెలలో స్క్రూ ఉన్నదానికి సెల్లు అయిపోయింది. చిన్న స్క్రూడ్రైవర్ కావాలి, అది ఎక్కడుందో చూద్దామని లేచాను, టైమర్ పంతొమ్మిది రోజులు డైనింగ్ టేబుల్ మీద సున్నా దగ్గర పడి ఉంది, పై లెక్కలో బస్సు తప్పిన నాలుగు సార్లలో రెండు ఆ పంతొమ్మిది రోజుల్లోవే. చివరికి మా వాడు జామెట్రీ బాక్సులోని డివైడర్‌తో తీశాడు. స్క్రూ ఉన్నది వస్తే కొన్న రోజే దాన్ని తీసి పారేసి, మూతకి టేపు వేసెయ్యండి, ఇంకో సెల్లు ఆ టేపు కిందే అంటించి పెట్టండి.